రంగు గోడకు చెక్క అక్షరాలు: ఏ జిగురు నిలబడింది, ఏది రాలిపోయింది

మా బడిలో ఒకటో తరగతి అర్ర గోడకు 52 చెక్క అక్షరాలు అంటించి పదకొండు నెలలైంది. అ నుంచి బండి ఱ దాకా, మధ్యలో ౠ, అః కూడా వదల్లేదు. ఇవాళ్టికి 51 గోడ మీద ఉన్నాయి. ఒకటి నా బల్ల సొరుగులో ఉంది, దాని సంగతి చివర చెప్తాను. ఈ పని మీద నేను ఏడు రకాల జిగుర్లు, టేపులు కొని వాడి చూశాను. ఎండాకాలం సెలవుల్లో సగం దీనికే పోయాయి. రంగు వేసిన గోడకో బీరువాకో చెక్క అంటించాలనుకునేవాళ్లకు ఆ తిప్పలు తప్పాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను దేవరకొండ అవతల ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా పిల్లల్లో సగం మంది తండాల నుంచి వస్తారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకు తెలుగు అక్షరం మొట్టమొదట పరిచయమయ్యేది బడి గోడ మీదే. చార్టు మీది అక్షరాన్ని చూడగలరు, అంతే. చెక్క అక్షరమైతే వేలు పెట్టి దాని ఒంపు వెంట తిప్పుకుంటూ పోవచ్చు. ద కింద గీత పడితే ధ అయితది, లోపల చుక్క కూడా చేరితే థ అయితది. ఈ తేడా నోటితో వందసార్లు చెప్పినా ఎక్కని పిల్లలకు వేలికి తగిలితే ఎక్కుతుంది. అందుకే ఆ అక్షరాలు గోడకు గట్టిగా ఉండాలి. పిల్లలు తడుముతారు, లాగుతారు, గోరు పెట్టి లేపి చూస్తారు. అవన్నీ తట్టుకోవాలి.

దేవరకొండలో మాకు తెలిసిన వడ్ల అన్న ఒకాయన ఉన్నాడు. ఖిల్లా గుట్ట కనబడే దారిలో దుకాణం. 12 ఎం.ఎం. ప్లై మీద నేను పెన్సిలుతో గీసిచ్చిన అక్షరాలను జిగ్‌సాతో కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది ఇచ్చాడు. ఒక్కోటి ఆరంగుళాల ఎత్తు, నూరు గ్రాములకు అటూ ఇటూ. గ తలకట్టు విడిగా ఊడిపోకుండా సన్నటి వంతెన లాగా వదిలి కోశాడు. థ లోపలి చుక్కకు మాత్రం దారి లేదు, అది రూపాయి బిళ్లంత విడి ముక్క.

మొలలు కొట్టొచ్చు కదా అని అందరూ అడిగారు. ప్లై సన్నటి ఒంపుల దగ్గర మొల కొడితే చీలుతుంది. మొల తలకాయ మీద పిల్లల వేళ్లు గీసుకుంటాయి. పైగా మాది పాత గోడ. ఒక మొల కొడితే చుట్టూ అరచేయంత గిలాబు (ఇటుక మీది ప్లాస్టరింగు) పెచ్చు ఊడొస్తుంది. 52 అక్షరాలకు రెండేసి మొలలంటే ఆ గోడ మిగలదు.

గోడ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. చాలా సర్కారు బడుల్లో లాగే కింద నాలుగడుగుల దాకా ఆయిల్ పెయింట్, ఆ పైన డిస్టెంపర్. నేను 13 అక్షరాల చొప్పున నాలుగు వరుసలు అనుకున్నాను. మొదట నేర్చుకునేవి చిన్నపిల్లల చేతికి అందాలని అ వరుసను అడుగున, ఱ వరుసను అన్నిటికన్నా పైన పెట్టాను. అంటే కింది రెండు వరుసలు ఆయిల్ పెయింట్ మీద, పై రెండు వరుసలు డిస్టెంపర్ మీద. ఒకటే గోడ అనుకున్నాను కానీ జిగురుకు అవి రెండు వేరువేరు గోడలు.

మొదట వాడింది చెక్కకూ చెక్కకూ అతికించే తెల్ల జిగురు. చెక్కలు అతకడానికి దాన్ని మించింది లేదు, అందులో నాకేం అనుమానం లేదు. కుర్చీ కాలు విరిగితే నేనూ దాన్నే వాడతాను. నాలుగు అక్షరాలు తీసుకుని రెండు కింద, రెండు పైన అంటించి, బ్రౌన్ టేపుతో కట్టిపెట్టి, రెండు రోజులు ఆగాను. కింద ఆయిల్ పెయింట్ మీద పెట్టిన అ టేపు తీయగానే మెల్లగా జారింది. గోడ మీద జిగురు పాల మీగడ లాగా పొర కట్టింది, గోరుతో లేపితే మొత్తం ఒక్క తోలులా వచ్చేసింది. ఈ జిగురులో నీళ్లుంటాయి. ఆ నీళ్లు చెక్క తాగాలి లేదా గాలికి పోవాలి, అప్పుడే అది గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు ఇటు చెక్క నారలోకీ, అటు ఇంకో చెక్క నారలోకీ వేళ్లు దించి పట్టుకుంటుంది. ఆయిల్ పెయింట్‌లోకి దిగడానికి సందే లేదు.

పైన డిస్టెంపర్ మీద పెట్టిన గ మాత్రం బ్రహ్మాండంగా అంటుకుంది. లాగి చూశాను, కదల్లేదు. సంతోషంగా ఇంటికి పోయాను. మూడో రోజు పొద్దున తాళం తీసేసరికి గ బండల మీద బోర్లా పడి ఉంది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూశాను. చెక్క వెనక జిగురు గాజు పెంకులా గట్టిగా ఉంది, ఒక్క చోట కూడా లేవలేదు. ఆ జిగురుకు అంటుకుని లేత నీలం డిస్టెంపర్ వచ్చింది. దాని వెనక పాత గులాబీ రంగు, నేను ఈ బడికి రాకముందు ఎప్పుడో వేసింది. గులాబీ వెనక తెల్లటి సున్నం, వేలితో ముడితే పిండిలా రాలింది. ఎన్నో ఏండ్ల గోడ అంతా తలకిందులుగా ఆ గ వెనక అంటుకుని వచ్చింది. గోడ మీద గ ఆకారంలోనే గుంట పడింది.

అది తీసుకుపోయి వడ్ల అన్నకు చూపించాను. ఒక్కసారి తిప్పి చూసి, "జిగురు చెక్కను పట్టింది టీచరమ్మా, జిగురు రంగునూ పట్టింది. రంగే గోడను పట్టలే," అన్నాడు.

నాకు ఈ మొత్తం వ్యవహారం అర్థమైంది ఆ మాటతోనే. మనం దుకాణానికి పోయి "గట్టి జిగురు ఇవ్వండి" అని అడుగుతాం. ఎంత గట్టి జిగురైనా అది పట్టుకునేది రంగు పొరను. ఆ రంగు ప్రైమర్‌ను (రంగుకు ముందు వేసే పూతను) పట్టుకోవాలి, ప్రైమర్ లప్పాన్ని (గోడను నున్నబరిచే పుట్టీని), లప్పం గిలాబును, గిలాబు ఇటుకను. చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల వరుసలో ఏ చెయ్యి మెత్తగా ఉంటే అక్కడే తెగుతుంది. మంచి జిగురు కొన్నకొద్దీ పెద్ద పెచ్చు ఊడుతుంది, అంతే తేడా.

కాబట్టి ముందు గోడను పరీక్షించాలి. నేను నేర్చుకున్నవి రెండు పరీక్షలు, రెండిటికీ పది నిమిషాలు చాలు. అరచేతిని గోడకు వేసి గట్టిగా రాయాలి. చెయ్యి తెల్లగా అయితే ఆ రంగు మీద దేన్నీ అంటించలేం. మా డిస్టెంపర్ భాగం మొత్తం ఇంతే, రాస్తే ముగ్గు పట్టుకున్నట్టయింది చెయ్యి. చెయ్యికి ఏమీ అంటకపోతే రెండో పరీక్ష. కొత్త బ్లేడుతో నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు, రెండేసి మిల్లీమీటర్ల దూరంలో, రంగు తెగేలా గీయాలి. చిన్న చిన్న గడులు పడతాయి. వాటి మీద బ్రౌన్ టేపు గట్టిగా రుద్ది అంటించి, ఒక్క గుంజుడు గుంజాలి. గడులు టేపుతో పాటు వస్తే ఆ రంగు గోకి తీయాల్సిందే. గడులు అలాగే నిలిస్తే ఆ రంగును నమ్మొచ్చు. మా కింది ఆయిల్ పెయింట్ ఈ పరీక్షలో నిలిచింది, ఒక్క గడి కూడా రాలేదు.

ఇగ జిగుర్ల సంగతి.

రెండువైపులా అంటుకునే స్పాంజి టేపు: పిల్లలు తాకని చోట ఫొటో ఫ్రేముకు పనికొస్తుందేమో. మేలో మా దగ్గర 44 డిగ్రీలు దాటే ఎండల్లో, పడమటి గోడ సాయంత్రం చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. ఆ వేడికి టేపు మెత్తబడి అక్షరం వేలెడు కిందికి జారింది. ప్లై వెనక భాగం గరుకు కాబట్టి దానికి టేపు సరిగ్గా ఆనను కూడా ఆనదు.

రబ్బరు సొల్యూషన్, అదే పసుపుపచ్చగా చిక్కగా ఉండే జిగురు, రెక్సిన్‌కూ ఫోముకూ వాడేది. దీన్ని రెండు వైపులా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటనంత ఆరాక నొక్కాలి. నొక్కితే అక్కడికక్కడే పడుతుంది, మళ్లీ సర్దుకునే వీలుండదు. నా ఊ కొంచెం వంకరగా పడింది, అలాగే ఉండిపోయింది. అది పెద్ద బాధ కాదు. దీంట్లోని సాల్వెంటు ఆయిల్ పెయింట్‌ను ముడుతలు పట్టించింది, పిండిన తడి బట్టలాగా. ఇంకోటి, తరగతి గదిలో ఆ వాసన మూడు రోజులు పోలేదు. అది త్వరగా మంటకు అంటుకునే సరుకు కూడా. కిటికీలు తెరిచి, పొయ్యి, అగరుబత్తి దగ్గర లేకుండా చూసుకుని వాడాలి. పిల్లల గదికి నేను మళ్లీ వాడను.

సిలికాన్. దుకాణంలో ముందు చేతికిచ్చేది ఇదే, బాత్రూం సందులకు అందరూ వాడతారు కాబట్టి. మూత తీయగానే ముక్కుకు పుల్లటి వాసన కొడితే అది ఆరేటప్పుడు ఆసిడ్ వదిలే రకం. సిమెంటు, సున్నం ఉన్న గోడకు అది పడదు, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్న రకం దానికన్నా మేలు. కానీ ఏ రకమైనా సరే, సిలికాన్ ఒకసారి తగిలిన చోట తర్వాత రంగు నిలవదు. గోడకు మళ్లీ రంగులు వేసేటప్పుడు ఆ చోట్లన్నీ మచ్చలుగా కనబడతాయి. బడి గోడకు నేడో రేపో రంగులు వేస్తారు కదా, అందుకే రెండు అక్షరాలతో ఆపేశాను.

రెండు ట్యూబుల ఎపాక్సీ. అరాల్డైట్ అంటే అందరికీ తెలుస్తుంది. రెజిన్, హార్డనర్ సమానంగా పిండి, రంగు ఏకంగా అయ్యేదాకా బాగా కలపాలి. కలపడంలో బద్ధకిస్తే ఎన్ని రోజులైనా జిగటగానే ఉంటుంది. ఇది గట్టి సరుకు, నాకు దీని మీద చాలా గౌరవం. కానీ నిలువు గోడ మీద గట్టిపడేదాకా అక్షరం జారుతూనే ఉంటుంది, రాత్రంతా టేపు కట్టిపెట్టాలి. 52 అక్షరాలకు ఎన్ని ట్యూబులు కావాలో లెక్క వేసుకుని వదిలేశాను. దీన్ని వేరే చోట వాడాను. ఆఫీసు అర్రలో ఇనుప బీరువా తలుపుకు తాళంచెవులు తగిలించే చిన్న చెక్క పట్టీ కావాలి. ఎనామిల్ రంగును అంతమేర 80 నంబరు గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనబడేదాకా గోకి, థిన్నర్‌తో తుడిచి, ఎపాక్సీతో అంటించాను. రోజూ పది తాళంచెవులు దాని మీదే ఉంటాయి. ఇనుముకు చెక్క అంటించాలంటే నా ఓటు దానికే, కానీ రంగు మీద కాదు, రంగు తీసిన ఇనుము మీద.

చుక్క వేయగానే అంటుకునే ఇన్‌స్టంట్ జిగురు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. థ లోపలి చుక్కకు వాడి చూశాను. ప్లై దాన్ని దూది నీళ్లను తాగినట్టు తాగేసింది. అంటుకున్నట్టే కనబడింది. ఒక రోజు బంతి వచ్చి తగిలితే టక్కుమని ఊడింది. అది పెళుసు, దెబ్బకు ఆగదు.

ఇప్పుడు నేను చివరికి నిలబెట్టుకున్నది. ట్యూబు మీద నెయిల్ ఫ్రీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, తుపాకీ లాంటి గన్‌లో పెట్టి పిండే 300 మిల్లీలీటర్ల గొట్టం. ఇక్కడ జాగ్రత్త. ఆ పేరుతోనే వేరువేరు రకాలు దొరుకుతాయి. నీళ్లతో చేసిన తెల్లది ఒకటి, ఘాటు వాసన వచ్చే సాల్వెంటుది ఒకటి, ఎం.ఎస్. పాలిమర్ లేదా హైబ్రిడ్ అని రాసి ఉండేది ఒకటి. ముందు దొరికిన తెల్లదాన్నే తెచ్చాను. ప్లై నీళ్లు తాగుతుంది కాబట్టి ఆయిల్ పెయింట్ మీద కూడా పట్టింది, కానీ గట్టిపడడానికి నాలుగు రోజులు తీసుకుంది, ఆ నాలుగు రోజుల్లో అక్షరాలు కొంచెం కొంచెం కిందికి దిగాయి. మూడో రకం దొరక్క నల్లగొండ ప్రకాశం బజారు దాకా పోయాను. అక్కడ ట్యూబు వెనక సన్నటి అక్షరాలన్నీ చదివి, ఎం.ఎస్. పాలిమర్ అని ఉన్నదాన్నే తీసుకున్నాను. ఒకటి 420 రూపాయలు, గన్ 180. ఖరీదే. అయినా ముందు వృథా చేసిన వాటి మొత్తం దీనికన్నా ఎక్కువ.

ఈ రకానికి ఆరడానికి చెక్క నీళ్లు తాగక్కర్లేదు, గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. గట్టిపడ్డాక కూడా కొంచెం రబ్బరులా సాగుతుంది. నాకు ఎక్కువ నచ్చింది ఆ గుణమే. వానాకాలం ప్లై తేమకు ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, గోడ ఆ కొలతలో కదలదు. జిగురు పెళుసుగా ఉంటే ఆ లాగులాటలో విరుగుతుంది. ఇది ఆ కదలికను తనలోనే సర్దుకుంటుంది. వాసన చాలా తక్కువ. తర్వాత దీని మీద రంగు కూడా వేయొచ్చు.

కానీ ఇదే ట్యూబును మొదటి రోజు అంటించినట్టు అంటిస్తే ఇదీ రాలిపోయేదే. పని సగం జిగురుకు ముందే ఉంది.

కింది రెండు వరుసల చోట ఆయిల్ పెయింట్‌ను 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాను. రంగు పోనక్కర్లేదు, నున్నదనం పోతే చాలు. తర్వాత తడిబట్టతో దుమ్ము తుడిచి, బాగా ఆరనిచ్చాను. పిల్లల నూనె చేతులు, తలలు ఆనే ఎత్తు కదా అది. మొదటి బట్ట నల్లగా అయింది, మూడో బట్టకు గానీ తెల్లగా రాలేదు.

పై రెండు వరుసలకు వేరే పని. ప్రతి అక్షరాన్నీ గోడకు ఆనించి చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. ఆ గీతకు లోపల కొద్దిగా వదిలి మిగతా డిస్టెంపర్, గులాబీ, సున్నం మొత్తం గిలాబు కనబడేదాకా స్క్రేపర్‌తో గోకాను. గీతకు లోపలే గోకడం వల్ల అక్షరం పెట్టాక గోకిన చోటు బయటికి కనబడదు. గోకిన గుంటలను బ్రష్షుతో దులిపి, సిమెంటు ప్రైమర్ పలచగా కలిపి ఒక పూత వేసి, ఒక రోజు వదిలేశాను. 26 అక్షరాలకు ఈ పని చేయడానికి మూడు పొద్దులు పట్టింది. మా పెద్ద తరగతి ఆడపిల్లలు ఇద్దరు సెలవుల్లో కూడా వచ్చి దులపడంలో సాయం చేశారు.

ఇంతలో నేను చేసిన తప్పు ఒకటి బయటపడింది. అక్షరాలకు ముద్దుగా రంగులేశాను, అచ్చులు ఎరుపు, హల్లులు నీలం. ముందూ వెనకా రెండు వైపులా వేశాను, ఆయిల్ పెయింటే. అంటే గోడ రంగు నమ్మలేం అని గోకుతూ, చెక్క మీద ఇంకో రంగు పొర నేనే వేసి పెట్టాను. 52 అక్షరాల వెనక భాగాలు మళ్లీ చెక్క కనబడేదాకా రుద్దాను. మీరు చేస్తే మాత్రం వెనక వైపు పచ్చి చెక్కగానే వదిలేయండి. టేకు అయితే దాంట్లో సహజంగా నూనె ఉంటుంది, అంటించే ముందు థిన్నర్ బట్టతో తుడిచి ఆరనివ్వాలి. ప్లైకి ఆ బాధ లేదు.

అంటించింది పొద్దున ఏడు గంటలకు. ట్యూబు మీద 5 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని రాసి ఉంది. మేలో మధ్యాహ్నం మా గోడే 40 దాటుతుంది. ట్యూబులను కూడా స్కూటీ డిక్కీలో వదలకుండా ఇంట్లో కుండ పక్కన నీడన పెట్టాను.

ముక్కును ఏటవాలుగా కోసి, చూపుడువేలు కొసలో సగం లావుండే తీగ వచ్చేలా చూసుకున్నాను. అక్షరం వెనక జిగురును చుట్టూ గుండ్రంగా కాకుండా నిలువు తీగలుగా పెట్టాలి. ఎందుకంటే ఇది గాలి తేమతో గట్టిపడేది. గుండ్రంగా మూసేస్తే లోపలికి గాలి పోదు, నడిమి భాగం రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది. నిలువు తీగల మధ్య సందుల్లోంచి గాలి ఆడుతుంది. రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు చొప్పున గట్టిపడుతుంది. పెట్టి, నొక్కి, కొంచెం అటూ ఇటూ కదిపితే తీగలు పరుచుకుంటాయి. చేతులు తీసినా అక్షరం నిలిచింది. అయినా నమ్మకుండా ఒక్కోదానికి రెండు బ్రౌన్ టేపులు వేసి, ఒక రోజంతా వదిలేశాను. అంచుల్లో పొంగిన జిగురును అప్పుడే థిన్నర్ బట్టతో తుడవాలి. ఆరాక బ్లేడే గతి.

ఎంత పడుతుందో లెక్క చెప్తాను. ఐదు మిల్లీమీటర్ల లావు తీగ పెడితే 300 మిల్లీలీటర్ల ట్యూబు దాదాపు 15 మీటర్లు వస్తుంది. ఆరంగుళాల అక్షరానికి ఒంపుల వెంట మొత్తం కలిపి జానెడు కన్నా కొంచెం ఎక్కువ, 28 సెంటీమీటర్ల దాకా పెట్టాను. 52 అక్షరాలకు 15 మీటర్లకు కొంచెం తక్కువ. ఒక్క ట్యూబు అంచుకు అంచు సరిపోయింది. మొదట చెయ్యి తిరగక వృథా అయినదానికి రెండోది వాడాల్సి వచ్చింది. థ చుక్క లాంటి విడి ముక్కలకు శనగగింజంత ముద్ద చాలు.

మూడో రోజు గట్టిదనం చూశాను. ఱ మెడకు తాడు కట్టి, రెండు లీటర్ల నీళ్ల సీసా వేలాడదీసి మర్నాటి దాకా వదిలాను. కదల్లేదు. కింద వరుసలో అ కు కూడా అదే పరీక్ష. ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. కిందికి లాగే బరువును జిగురు బాగానే మోస్తుంది. అంచు పట్టుకుని గోడ నుంచి ఇవతలికి పెకలిస్తే అంత మోయదు, ఎందుకంటే బలమంతా ఒక్క అంచు మీదే పడుతుంది. పిల్లలు చేసేది సరిగ్గా అదే. అందుకే అక్షరం అంచుకూ గోడకూ మధ్య గోరు దూరే సందు ఉండకుండా నొక్కాలి. గోడ ఎగుడుదిగుడుగా ఉన్న రెండు మూడు చోట్ల ఆ సందును కూడా అదే జిగురుతో నింపాను.

దీన్ని పుస్తకాల అల్మారా చెక్కకు, బరువు పెట్టే పలకకు వాడొచ్చా అని ఇద్దరు టీచర్లు అడిగారు. నా మాట అయితే వద్దు. రంగు గోడ మీద జిగురు తన బరువు తాను మోసే వస్తువుకే. బడి పేరు చెక్కించిన మూడడుగుల టేకు బోర్డును గేటు పక్క గోడకు పెట్టేటప్పుడు నేనే డ్రిల్లు పెట్టించి, ప్లాస్టిక్ గట్టాలు దిగ్గొట్టించి, నాలుగు స్క్రూలు వేయించాను. పిల్లలు దాని కింద నుంచే నడుస్తారు.

తీయాల్సి వస్తే ఎట్లా అని కూడా చెప్పాలి. గట్టి నైలాన్ తాడును అక్షరం వెనక సందులో దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతూ కిందికి దిగితే జిగురు కోసుకుపోతుంది. గోడ మీద మిగిలింది బ్లేడుతో గీకాలి. వంకరగా పడిన ఊ ను, సిలికాన్‌తో అంటించిన రెండిటినీ అట్లాగే తీసి మళ్లీ పెట్టాను. వాడగా మిగిలిన ట్యూబు ముక్కులో పెద్ద మొల ఒకటి గుచ్చి పెట్టండి. నాకు రెండు వారాల తర్వాత కూడా పనికొచ్చింది, మొలతో పాటు ముక్కులో గట్టిపడ్డ ముద్ద బయటికొచ్చేసింది.

జూన్ 12న బడి తెరిచిన రోజు, కొత్తగా చేరిన తండా పిల్ల ఒకామె గోడ దగ్గరికి పోయి ఎవరూ చెప్పకుండానే ఇ ఒంపుల్లో వేలు తిప్పుతూ నిలబడింది. ఆమెకు అప్పటికి దాని పేరు తెలియదు. నా చేతుల పొక్కులు అప్పటికింకా మానలేదు.

ఇక ళ. పై వరుసలో పదకొండోది. ఆగస్టు వానలకు స్లాబు నుంచి నీళ్లు సన్నగా కారి ఆ గోడ వెంట చార కట్టాయి. నాకు మొదట కనబడలేదు. తడిసిన గిలాబు మీద తెల్లటి ఉప్పు తేలింది, ఆ ఉప్పు ప్రైమర్‌ను వెనక నుంచి తోసేసింది. ఒక రోజు ప్రార్థన అయ్యి లోపలికి వచ్చేసరికి ళ కింద పడి ఉంది, వెనక ప్రైమరూ, దానికంటిన గిలాబు ఇసుకా. జిగురు ఎక్కడా వదల్లేదు. చెమ్మ ఉన్న గోడకు, ఉప్పు తేలిన గోడకు ఏ జిగురూ లేదు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అది ఆపాలి. సుతారి వచ్చి చూసిపోయాడు, ఈ ఎండాకాలం స్లాబు మీద పగులు పూడ్చి, గిలాబు ఆ మేరకు కొట్టేసి కొత్తది చేస్తానన్నాడు. కొత్త గిలాబు బాగా ఆరేదాకా నేను దాన్ని ముట్టను.

అప్పటిదాకా ళ నా సొరుగులోనే. పిల్లలు రోజూ, "టీచర్, ళ ఎప్పుడొస్తది?" అని అడుగుతారు. మొన్న చూస్తే బెంచీ ఎక్కి ఆ ఖాళీ చోట చాక్‌పీసుతో వాళ్లే ళ గీసి పెట్టారు, పక్కనున్న చెక్క హ ఎత్తుకు సరిగ్గా కొలిచి.